సీల్ మార్చేముందు బ్రీదర్ చూడండప్పా

పోయిన నెల పాత ఫోర్ వీల్ జీపుల (నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం పోయేవి) గురించి నాలుగు ముక్కలు రాస్తినో లేదో, ఈసారి వచ్చిన ప్రశ్నలు సగం పైన వాటి మీదే. నేనేం కంపెనీ మెకానిక్‌ని కాదు, అనంతపురంలో ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని ఎంఎం 540 అనే ఒక పాత మహీంద్రా జీపుతో ఆదివారాలు కుస్తీ పట్టేవాణ్ణి. చేతులు కాలినాక తెలిసిందే చెప్తాండా.

ప్రశ్న: అన్నా, మా జీపుకి ముందు యాక్సిల్‌లో ఆయిల్ కారుతాంది. పినియన్ సీల్, అదే షాఫ్టు యాక్సిల్‌లోకి దూరే చోట ఆయిల్ ఆపే రింగు, ఏడాదిలో మూడుసార్లు మార్పిస్తి. మెకానిక్కేమో సీల్ డూప్లికేట్ అంటాడు, కొత్తది వేస్తాడు, నెల తిరిగేసరికి మళ్లీ అదే కథ. వానాకాలంలో పాపాఘ్ని దాటి తోటకి పోవాలి మేము.
– ఒక రైతు, వేంపల్లె

జవాబు: మూడు సీళ్లూ డూప్లికేటేనా అన్నా? నేనైతే నమ్మను. యాక్సిల్ హౌసింగ్ పైన బొటనవేలంత కూడా లేని చిన్న మూత ఒకటుంటాది, దాన్ని బ్రీదర్ అంటారు, ఎవరూ దానివైపు చూడరు. బండి నడిచేకొద్దీ లోపల ఆయిల్ వేడెక్కి గాలి ఉబ్బుతాది కదా, ఆ గాలి బయటికి పోయే ముక్కు అది. దానికి మట్టి పట్టి గట్టిపడిందనుకో, గాలికి దారి ఉండదు, ఇంక ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడినుంచి ఆయిల్‌ని తోస్తాది, ఆ మెత్తటి చోటే నీ సీల్.

నా బండికి కూడా ఇదే రోగం. రెండు సీళ్లకి డబ్బులు పోసినాక ఒక సాయంత్రం ఊర్నుంచి వచ్చీరాగానే కింద దూరి స్పానర్‌తో బ్రీదర్ వదులు చేస్తే, సైకిల్ ట్యూబు వాల్వు పీకినట్టు ఉస్సుమని గాలి మొహాన కొట్టింది. లోపల ఎర్రమట్టి ఇటుక మాదిరి కాలి కూర్చోనుంది. డీజిల్‌లో రాత్రంతా నానబెట్టి, పిన్నీసుతో కెలికి, నోటితో ఊది అవతలికి గాలి పోతాందని చూసుకుని బిగించినా. ఆ తర్వాత వేసిన మూడో సీలు ఇప్పటికీ అదే.

నువ్వు ఏరు దాటతావు కాబట్టి ఇంకో చిక్కుంది. కాలిపోతుండే యాక్సిల్ చన్నీళ్లలో దిగ్గానే లోపలి గాలి ముడుచుకుని బయటినుంచి పీలుస్తాది, బ్రీదర్ మూసుకుపోయుంటే సీల్ సందులోంచి నీళ్లే పీలుస్తాది. అందుకని రేపే ఆయిల్ చూడు. ఒకటి గుర్తుపెట్టుకో, ముందు ఆయిల్ పోసే పక్క బోల్టు విప్పు, అది వచ్చినాకే కింద బోల్టు ముట్టుకో, లేకపోతే ఆయిలంతా కిందికి వదిలేసి పైది తుప్పుపట్టి రాక నెత్తిన చెయ్యి పెట్టుకుంటావు. వేలు దూర్చి చూడు, ఆయిల్ ఆ కన్నం కింది అంచుని తాకుతా ఉండాలి. పాలెక్కువైన టీ రంగులో వచ్చిందంటే నీళ్లు చేరినట్టే, మొత్తం మార్చాల్సిందే. బ్రీదర్ తీసి ఆ చోట ఆయిల్‌కి ఆగే రబ్బరు పైపు తగిలించి బానెట్ లోపల ఎత్తులో కట్టేసుకుంటే ఏటి నీళ్లతో బాధే ఉండదు.

బ్రీదర్ బాగుండి కూడా కారితే అప్పుడు షాఫ్టుని యాక్సిల్‌కి కలిపే ఫ్లాంజ్ ఊడదీసి సీల్ కూర్చునే చోట గోరుతో గీకి చూడు. గోరు గాడిలో పడిందంటే అరిగింది ఫ్లాంజే, ఎంత మంచి సీల్ వేసినా ఆగదు.

ప్రశ్న: నల్లరేగడిలో దిగబడితే ఫోర్ వీల్ వేసి బయటికొచ్చినా, అట్లే తారు రోడ్డు మీద ఊరిదాకా తోలినా. ఇప్పుడు ఫోర్ వీల్ లివర్ వెనక్కి రావడం లేదు. మలుపులో బండి ఎవరో వెనక్కి పట్టి లాగినట్టు బిగుసుకుంటాంది. ఇంజన్ బలాన్ని ముందు వెనక చక్రాలకి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ పోయింది, విప్పాలంటున్నారు సార్.
– ఆదోని నుంచి

జవాబు: విప్పనీయొద్దప్పా! ఏమీ పోయుండదు. ఈ పాత బండ్లలో ఫోర్ వీల్ వేస్తే ముందు షాఫ్టూ వెనక షాఫ్టూ ఒకదానికొకటి కట్టేసినట్టు ఒకే లెక్కన తిరుగుతాయి, రెండిటినీ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మధ్యలో ఉండదు. మలుపు తిరిగేటప్పుడేమో ముందు చక్రాలు వెనకవాటికంటే ఎక్కువ దూరం పోవాల. బురదలో ఐతే టైరు కొంచెం జారి సర్దుకుంటాది, తారు మీద జారదు, ఆ తేడా అంతా షాఫ్టుల్లో మెలితిప్పిన తాడు మాదిరి చేరుతాది, లివర్‌ని అదే పట్టుకుంటాది. రివర్స్‌లో తిన్నగా పది పదిహేను అడుగులు పోయి, స్టీరింగ్ అటూ ఇటూ కొంచెం ఆడించి, క్లచ్ తొక్కి లివర్ మీద మెత్తగా చెయ్యి పెట్టు, టక్కుమని అదే జారుతాది. అప్పటికీ రాకపోతే ఒక పక్క టైర్లు రోడ్డు పక్క మట్టిలోకి దించి మళ్లీ చెయ్యి. సుత్తి మాత్రం తీయొద్దు.

తిన్నగా పోతా ఉన్నా బిగుసుకుంటే టైర్లు చూడు. ముందు కొత్తవి, వెనక అరిగినవి వేసుంటావు. టైలర్ టేపుతో చుట్టుకొలతలు కొలిస్తే తెలిసిపోతాది. ఇదంతా విని ఫోర్ వీల్ అసలే వేయకుండా కూడా ఉండొద్దు, నెలకోసారి మట్టి దారిలో రెండు మూడు కిలోమీటర్లు వేసి తోలు, ముందు పక్క గేర్లకి ఆయిల్ అంటాల కదా.

ప్రశ్న: మా నాయన పాత సీజే 3బీ జీపు ఇంట్లో ఉంది అన్నా. వెనక చక్రం బేరింగులకి నేనే గ్రీజు పెట్టుకుందామనుకుంటే ఇంట్లో అందరూ షెడ్డుకి తోలెయ్ అంటారు. జాకీ ఎక్కడ పెట్టాలి, ఏం జాగ్రత్తలు?
– కడప నుంచి ఒక చెల్లెలు

జవాబు: చేసుకో చెల్లెమ్మా, షెడ్డులో ఐతే పాత గ్రీజు మీదే కొత్తది పూసి పంపిస్తారు. జాకీ యాక్సిల్ కింద, కమాన్ కట్టకి దగ్గరగా పెట్టు. ఐతే దానికన్నా ముందు చెప్పాల్సింది హ్యాండ్ బ్రేక్ సంగతి. ఆ జీపులో హ్యాండ్ బ్రేక్ చక్రాలకి ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక షాఫ్టు మీద ఉంటాది. వెనక చక్రం ఒకటి పైకి లేపినావంటే, షాఫ్టు ఆగినా వెనక యాక్సిల్‌లో ఉండే డిఫరెన్షియల్ లోపల తిరిగి, గాల్లో ఉండే చక్రం ఒక దిక్కుకి, నేలమీదది ఇంకో దిక్కుకి తిరిగి బండి జారుకుంటాది. హ్యాండ్ బ్రేక్ వేసినా కదా అని కింద దూరేవు! నేలమీదుండే చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టాల్సిందే.

మీ ఊళ్లో ఇంకో అలవాటు చూసినా, మిగిలిన కడప బండలు ఒకదానిమీద ఒకటి పేర్చి వాటిమీద బండి నిలబెడతారు. బండ పరుచుకోవడానికి బాగుంటాది కానీ బరువు ఒక పక్కకి పడితే చెప్పకుండా పలుగుతాది. ఇనుప స్టాండ్లు కొనుక్కో, జాకీని మాత్రం నమ్మొద్దు.

బేరింగుని కిరసనాయిల్లో కడిగి, బాగా ఆరబెట్టి, అరచేతిలో నిమ్మకాయంత గ్రీజు వేసుకుని బేరింగు వెడల్పు అంచుతో చేతిలోకి నొక్కి నొక్కి తియ్యి, అవతలి పక్క నుంచి గ్రీజు సేమ్యా మాదిరి బయటికొచ్చేదాకా. పైన పూస్తే లోపలికి పోదు. బ్రేక్ డ్రమ్ములో ఉండే దుమ్ము ఊదొద్దు, పాత బ్రేక్ లైనర్లలో ఆస్బెస్టాస్ ఉంటాది, తడిగుడ్డతో తుడువు.

ప్రశ్న: ఎండాకాలం వస్తే మా ఎంఎం 540 టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దగ్గరే. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనీయకుండా ఆపే థర్మోస్టాట్ పీకేస్తే తగ్గుతాదని పీకించినా, తగ్గలేదు. బోరు నీళ్లే పోస్తాండాము.
– తాడిపత్రి

జవాబు: రోగం నువ్వే రాసేసినావు కదన్నా. మన బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటాది చూడు, అదే ఉప్పు రేడియేటర్ గొట్టాల్లో పేరుకుంటాది. బండి పూర్తిగా చల్లారినాకే మూత తీసి, రేడియేటర్ తెలిసినవాడి దగ్గర లోపల శుభ్రం చేయించి, కూలెంట్‌లో డిస్టిల్డ్ వాటర్ డబ్బా మీద చెప్పిన లెక్కన కలిపి పొయ్యి. బయట రెక్కల్లో పొట్టు, గడ్డిగింజలు ఇరుక్కోనుంటాయి, ఇంజన్ వైపు నుంచి ముందుకి మామూలు పైపుతో కడుగు, ప్రెషర్ గన్ పెడితే రెక్కలు వంగిపోతాయి.

థర్మోస్టాట్ మళ్లీ వేయించు. అది లేకుంటే ఆ 2112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజన్ చలికాలం పొద్దున ఎంతసేపటికీ వేడెక్కదు, డీజిల్ ఎక్కువ తాగుతాది, తొందరగా అరుగుతాది. ఇంకోటి, దారిలో ఉడికిపోతే ఇంజన్ మీద చన్నీళ్లు కుమ్మరించొద్దు, హెడ్డు పగిలితే ఆ ఖర్చుకి జీపే అమ్ముకోవాల. బానెట్ ఎత్తి, చెట్టు కింద కూర్చుని, తెచ్చుకున్న నీళ్లు నువ్వు తాగు.