మైదా లేని బేకరీ పెడుతున్న నా మేనకోడలికి

అనంతపురం

చిరంజీవి పాపకు, అత్త దీవెనలు.

కడపలో ఏడు రోడ్ల దగ్గర షాపు చూశావనీ, మైదా అన్నదే లేకుండా బ్రెడ్లు, కేకులు, కారం బిస్కెట్లు చేసి అమ్ముతావనీ మీ నాన్న రాత్రి ఫోన్లో చెప్పాడు. మన ఇంటి ఆడపిల్ల సొంతంగా ఓవెన్ పెడుతోందంటే ఎంత సంతోషపడ్డానో! కానీ పడుకుంటే నిద్ర పట్టలేదు. గోధుమ పడని పిల్లల కోసం నీ దగ్గరికి వస్తారు. వాళ్ళమ్మలు నీ నోటి మాట నమ్మి కొనుక్కుపోతారు. అది తలుచుకుంటే నాకు టెన్షన్.

లైసెన్సు, కరెంటు లోడు సంగతి మీ నాన్న చూసుకుంటాడు. తూకం వెయ్యకుండా ఏదీ కలపొద్దు. బ్రెడ్డు పూర్తిగా చల్లారకముందు కత్తి పెట్టొద్దు.

నువ్వు కొన్న మొదటి సరుకే కేజీ జాంథన్ గమ్మట, పిండి విడిపోకుండా పట్టి ఉంచే బంక పొడి. అక్కడ నాకు కోపం వచ్చింది. పిండి సంగతి తేలకముందే బంక దేనికి? గోధుమలోని గ్లూటెన్ నీళ్ళు తగిలితే సాగే వల అవుతుంది, పులిసినప్పుడు పుట్టే గాలిని పట్టి ఉంచుతుంది. జొన్నకూ కొర్రకూ బియ్యానికీ ఆ వల లేదు, నిజమే. మరి మీ అవ్వ జొన్న రొట్టె ఏ బంక వేసి తట్టింది? ఎసరు కళపెళ కాగుతుంటే పిండిలో పోసి, గరిటెతో తిప్పి, చెయ్యి పట్టేంత వేడి ఉండగానే అరచేత్తో అదిమి అదిమి పిసికేది. ఆ వేడికి పిండిలోని గంజి ఉబ్బి జిగురొస్తుంది. చన్నీళ్ళతో కలిపిన ముద్దను తట్టి చూడు, అంచులు పగిలి పెనం ఎక్కేలోపే విరుగుతుంది. బ్రెడ్డుకు తీసుకున్న పిండిలో కొంత పక్కకు తీసి, నీళ్ళు పోసి పొయ్యి మీద చిక్కగా ఉడికించి, చల్లారాక మిగతా పిండిలో కలుపు. సగం పని అక్కడే అవుతుంది. ఇడ్లీని గుల్లగా నిలబెట్టేది మినప్పిండి జిగట. అది కేకు పిండిలోకి కూడా పనికొస్తుంది, మినుము వాసన పైకి రానంత మటుకే వెయ్యి. కలిపిన పిండిని అరగంట వదిలేస్తే నీళ్ళు పీల్చుకుని బరక తగ్గుతుంది.

బ్రెడ్డుకు నా ఓటు ఇసబ్గోల్‌కే. 100 గ్రాముల పిండికి 5 గ్రాముల పొట్టు చాలు. ముందు నీళ్ళలో వేసి పది నిమిషాలు ఉంచు, ముద్దగా గడ్డకట్టాక పిండిలో కలుపు. పొడి చేసినదైతే కాస్త తగ్గించు, అది ఇంకా ఎక్కువ నీళ్ళు లాగుతుంది. ఒక్కో కంపెనీ పొట్టుకు బ్రెడ్డు లోపల ఊదా రంగు తిరుగుతుంది, చెడిపోయిందని పారేసుకోవద్దు. గుడ్డు వద్దనే వాళ్ళ కేకుకు అవిసె గింజల పొడి ఒక చెంచా, నీళ్ళు మూడు చెంచాలు కలిపి నానబెట్టు, ఒక గుడ్డు పని చేస్తుంది. తుమ్మ బంకతో మాత్రం ప్రయత్నం చేయకు. లడ్డూల్లోకి బాగుంటుంది గానీ అది పిండిని చిక్కబరచదు.

ఇవన్నీ అయ్యాక, ఇంకా విరుగుతోందంటే అప్పుడు గమ్ము. జాంథన్ అయితే కప్పు పిండికి బిస్కెట్లకు పావు టీస్పూను, కేకుకు అర, బ్రెడ్డుకు మహా అయితే ఒకటి. గ్వార్ అనే ఇంకో గమ్ము అయితే ఇంకాస్త పడుతుంది, కానీ నిమ్మరసం, పులిసిన మజ్జిగ లాంటివి ఉన్నచోట దాని పట్టు సడలుతుంది. ఏదైనా సరే, ముందు చక్కెరలోనో నూనెలోనో కలుపుకో. నేరుగా నీళ్ళలో వేశావంటే ఉండలు కడుతుంది, ఆ ఉండలు ఎంత గిలక్కొట్టినా విడవవు. ఎక్కువైతే కేకు లోపల బంకబంకగా ఉండిపోతుంది, ఎంతసేపు కాల్చినా ఆరదు. ఇది కెమికలా అని అడిగేవాళ్ళు తప్పకుండా వస్తారు. విసుక్కోకుండా చెప్పు: గ్వార్ మనం కూర వండుకునే గోరుచిక్కుడు గింజల పొడి, మన దేశంలో ఎక్కువగా రాజస్థాన్‌లో పండుతుంది. జాంథన్ ఒక రకం బ్యాక్టీరియాతో చక్కెరను పులియబెట్టి తీసేది, అమెరికాలో 1969 నుంచీ తిండిలో వాడనిస్తున్నారు. ప్యాకెట్ల మీద 412 అంటే గ్వార్, 415 అంటే జాంథన్.

బంక చివర అని ఇంతగా ఎందుకు పోరుతున్నానో తెలియాలంటే మామ సంగతి చెప్పాలి. నీకప్పుడు హైదరాబాదులో చదువు, ఎవరూ చెప్పి ఉండరు.

మనవడికి నాలుగో ఏట కడుపుబ్బరం, విరేచనాలు. తోటి పిల్లలు ఎదుగుతుంటే వీడు మాత్రం ఎదగలేదు. బెంగళూరులో చూపిస్తే సీలియాక్ అన్నారు, గ్లూటెన్ పేగులకు పడని జబ్బట, జన్మలో గోధుమ తగలకూడదన్నారు. బేకరీ మాస్టర్ మనవడికి బిస్కెట్ లేకపోవడమేంటని మామ పట్టుబట్టాడు. ఇంట్లో వేరే చిన్న ఓవెన్, కొత్త ట్రేలు, కొత్త జల్లెడ తెచ్చాడు. బేకరీ చొక్కా విప్పి స్నానం చేసి గానీ ఆ ఓవెన్ దగ్గరికి పోయేవాడు కాదు. జొన్నపిండి, బియ్యప్పిండి, వెన్న, పచ్చిమిర్చి, కరివేపాకు, జీలకర్ర, ఇంగువతో కారం బిస్కెట్లు మొదలుపెట్టాడు. పట్టుకుంటే పొడి అయిపోయేవి. ఇక రోజూ గమ్ము గొడవే. చిటికెడు పెంచితే నమలలేం, తగ్గిస్తే విరిగేవి. ఆయన ధ్యాసంతా ఆ గమ్ము డబ్బా మీదే. చివరికి కుదిరాయి. వాడు రెండు చేతుల్లో రెండు బిస్కెట్లు పట్టుకుని వీధిలోకి పరిగెత్తాడు.

కొన్ని వారాలకు మళ్ళీ కడుపు చెడింది. రక్తపరీక్షలో టీటీజీ పెరిగిందన్నారు, ఈ జబ్బును పట్టిచ్చే లెక్క అది. ముందు గమ్మునే అనుమానించాం. అది ఎక్కువైతే కొందరికి గ్యాసు, విరేచనాలు అవుతాయి కదా. మామ ఆ డబ్బా మొత్తం మోరీలో పారబోశాడు. అయినా తగ్గలేదు. బడిలో ఎవరో ఏదో పెట్టారని కోడలు ఏడ్చింది, పక్కింటి వాళ్ళతో మాటలు కూడా మానేసింది. ఒక మధ్యాహ్నం అటకా షెల్ఫూ ఖాళీ చేసి, అన్నీ నేల మీద పరిచి, ఒక్కో ప్యాకెట్టు వెలుతురుకు పట్టుకుని చదివింది. ఇంగువ డబ్బా వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: తినే బంక, గోధుమ పిండి. అసలు ఇంగువ ఘాటెక్కువని అలా కలిపే అమ్ముతారు. ఇంత వయసొచ్చినా మాకది తెలియదు. మామ ఏమీ అనలేదు. ఆ తర్వాత మనవడికి ఏది పెట్టాలన్నా ముందు కోడలి వైపు చూసేవాడు. ఆమె తలూపితేనే పెట్టేవాడు.

అందుకే చెబుతున్నా పాపా. గమ్ము ఎక్కువ వేస్తే ఒక పిల్లాడికి కడుపు నొప్పి రావచ్చు, అది బంక వల్లనా గోధుమ వల్లనా తేల్చుకోలేక ఆ తల్లి ఎంత నలుగుతుందో నేను చూశాను. బియ్యప్పిండి కలిపిన ఇంగువ దొరుకుతుంది, అదే తెచ్చుకో, లేదా ఇంగువ మానేసి జీలకర్ర పెంచు. బేకింగ్ పౌడర్ మీద ఏ పిండి కలిపారో చదువు. బార్లీలోనూ గ్లూటెన్ ఉంటుంది, బార్లీ మాల్టు ఉన్నది ఏదీ గుమ్మం దాటి రానియ్యకు.

పిండి మర ఇంకో గండం. ముందు గోధుమలు పట్టి, అదే మరలో నీ కొర్రలు పోస్తే నీ జాగ్రత్తంతా వృథా. తెలిసినాయనేలే అని మొహమాటపడొద్దు. చిన్న మర సొంతానికి కొనుక్కో, డబ్బు చాలకపోతే నన్నడుగు, మీ నాన్నకు చెప్పక్కర్లేదు. బోర్డు మీద గ్లూటెన్ ఫ్రీ అని రాయించేముందు సరుకు ల్యాబుకు పంపు. తిండి సరుకుల మీద అజమాయిషీ చేసే ఎఫ్ఎస్ఎస్ఎఐ లెక్క ప్రకారం గ్లూటెన్ కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు. అంతవరకూ మైదా లేదు అని కూడా రాయకు, జనం రెండూ ఒకటే అనుకుంటారు.

ఆ కేజీ గమ్ము సీలు విప్పకపోతే వాపసు ఇచ్చేసి 100 గ్రాములది తెచ్చుకో. వచ్చే ఆదివారం నేనూ కోడలూ కడప బస్సెక్కుతాం. షాపులోకి తెచ్చిన ప్రతి ప్యాకెట్టూ బల్ల మీద పెట్టి ఉంచు, వేరే డబ్బాల్లోకి పోసి కవర్లు పారేయకు, కోడలు చదవాలి. వేళకు తిను, షాపు పనుల్లో పడి చిక్కిపోయావని మీ నాన్న బాధపడుతున్నాడు.

నీ అత్త