పాఠకుల ప్రశ్నలు: ఆ రాతి గ్రహంలో ఇనుమెంత, నీళ్లెంత?

ఎర్ర మరుగుజ్జు నక్షత్రాల (సూర్యుడి కంటే చిన్నవి, చల్లనివి, మసకైనవి) చుట్టూ తిరిగే చిన్న గ్రహాల గురించి వచ్చిన ఉత్తరాల్లో ఒకే సందేహం పదేపదే కనిపించింది. ఆ గ్రహాలకు ఒక్క ఫొటో కూడా లేదు కదా, మరి ఒకదాన్ని ఇనుప గ్రహమనీ ఇంకోదాన్ని నీటి గ్రహమనీ ఏ ధైర్యంతో రాస్తున్నారు అని. కొన్ని ఉత్తరాలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: సూర్యుడి లాంటి నక్షత్రాలను వదిలేసి, మసక మసగ్గా ఉండే ఎర్ర మరుగుజ్జుల వెంట ఎందుకు పడుతున్నారు?
– ఫిజిక్స్ లెక్చరర్, తెనాలి

కొలవడానికి అక్కడే వీలు కాబట్టి. గ్రహం తన నక్షత్రానికి అడ్డంగా వచ్చినప్పుడు, అంటే ట్రాన్సిట్ సమయంలో, తగ్గే వెలుగు రెండింటి వ్యాసార్థాల నిష్పత్తికి వర్గం. భూమి సూర్యుడికి అడ్డం వస్తే తగ్గేది 0.0084 శాతం. ట్రాపిస్ట్-1 అనే ఎర్ర మరుగుజ్జు వ్యాసార్థం సూర్యుడి వ్యాసార్థంలో 12 శాతమే. దానికి భూమంత గ్రహం అడ్డం వస్తే 0.6 శాతం తగ్గుతుంది, 70 రెట్లు ఎక్కువ. బరువు తూచడంలోనూ ఇదే లాభం. గ్రహం లాగుడుకు నక్షత్రం ఎంత ఊగుతుందో చూసి గ్రహాన్ని తూస్తారు. భూమి సూర్యుణ్ని సెకనుకు 9 సెంటీమీటర్ల వేగంతోనే ఊపుతుంది. సూర్యుడి ద్రవ్యరాశిలో 18 శాతం ఉన్న మరుగుజ్జును, 10 రోజులకో చుట్టు తిరిగే భూమంత గ్రహం సెకనుకు 90 సెంటీమీటర్లకు పైగా ఊపుతుంది. పైగా మన చుట్టుపక్కల నక్షత్రాల్లో నాలుగింట మూడు వంతులు ఇవే. మామూలు కంటికి ఒక్కటీ కనిపించదు, అది వేరే సంగతి.

ప్రశ్న: ఒక గ్రహం సాంద్రతను మొదటి నుంచి చివరి దాకా కాలిక్యులేటర్‌తో మేమే లెక్క కట్టేలా చూపిస్తారా?
– ఎమ్మెస్సీ విద్యార్థిని, వరంగల్

49 కాంతి సంవత్సరాల దూరంలో, ఎల్‌హెచ్‌ఎస్ 1140 అనే ఎర్ర మరుగుజ్జు చుట్టూ తిరిగే ఎల్‌హెచ్‌ఎస్ 1140బి ని తీసుకుందాం. ఇది 24.74 రోజులకు ఒక చుట్టు తిరుగుతుంది.

ముందు నక్షత్రం సంగతి తేల్చాలి. గయా ఉపగ్రహం కొలిచిన పారలాక్స్ (చూసే చోటు మారితే నక్షత్రం జరిగినట్టు కనిపించే కోణం) నుంచి దూరం వస్తుంది. 2.2 మైక్రాన్ల పరారుణ కాంతిలో నక్షత్రం ప్రకాశాన్ని ఆ దూరంతో సరిచేస్తే అసలు ప్రకాశం తెలుస్తుంది. దాన్నిబట్టి ద్రవ్యరాశీ వ్యాసార్థమూ ఇచ్చే అనుభవ సూత్రాలున్నాయి. జంట నక్షత్రాలను తూచి, దగ్గరి నక్షత్రాల కోణీయ వ్యాసాలను కొలిచి తయారుచేసినవి. కంటికి కనిపించే కాంతిని ఇందుకు వాడరు. నక్షత్రం మీది టైటానియం ఆక్సైడ్ అణువులు కాంతిని పీల్చే పట్టీలు ఆ భాగాన్ని నమిలేస్తాయి, లోహాల పాళ్లు కాస్త మారినా ప్రకాశం మారిపోతుంది. సైద్ధాంతిక నమూనాల మీద కూడా పూర్తిగా ఆధారపడరు, అవి ఎర్ర మరుగుజ్జుల వ్యాసార్థాన్ని కొన్ని శాతాలు తక్కువగా చూపిస్తాయి. ఎల్‌హెచ్‌ఎస్ 1140కి వచ్చిన విలువలు, సూర్యుడితో పోలిస్తే, ద్రవ్యరాశి 0.184, వ్యాసార్థం 0.216.

ఇప్పుడు గ్రహం వ్యాసార్థం. ట్రాన్సిట్ లోతు 0.54 శాతం, అంటే 0.0054. దాని వర్గమూలం 0.0735. దాన్ని 0.216తో, తర్వాత 109తో (సూర్యుడి వ్యాసార్థం భూమికి 109 రెట్లు) గుణిస్తే 1.73 భూవ్యాసార్థాలు.

ద్రవ్యరాశికి డాప్లర్ కొలత కావాలి, అంటే నక్షత్రం ఊగేటప్పుడు దాని వర్ణరేఖలు జరిగే తీరును బట్టి వేగం కొలవడం. గ్రహం లాగుడుకు నక్షత్రం సెకనుకు 3.8 మీటర్ల వేగంతో ముందుకీ వెనక్కీ ఊగుతోంది. 3.8ని 0.0895తో భాగించండి (భూమి సూర్యుణ్ని ఊపే వేగం, మీటర్లలో), 42.5 వస్తుంది. 0.184 వర్గానికి ఘనమూలం 0.3235, దానితో గుణించండి. ఆవర్తన కాలాన్ని సంవత్సరాల్లోకి మారిస్తే 0.0677, దాని ఘనమూలం 0.4076, దానితోనూ గుణించండి. జవాబు 5.6 భూద్రవ్యరాశులు. కక్ష్య గుండ్రంగా ఉందనీ, మనవైపు అంచుగా తిరిగి ఉందనీ ఇందులో ఊహ ఉంది. ట్రాన్సిట్ కనబడుతోంది కాబట్టి రెండోదాని గురించి దిగులు లేదు.

5.6ని 1.73 ఘనంతో, అంటే 5.18తో భాగించి, భూమి సాంద్రత 5.51తో గుణిస్తే ఘన సెంటీమీటరుకు 5.9, 6 గ్రాముల మధ్య తేలుతుంది.

దోషాల లెక్క తప్పకుండా వేయండి. వ్యాసార్థం ఘనంగా వస్తుంది కాబట్టి దానిలో 1.5 శాతం తప్పు సాంద్రతలో 4.5 శాతం అవుతుంది. ద్రవ్యరాశిలో 3.4 శాతం తప్పు అలాగే ఉంటుంది. రెండింటి వర్గాల మొత్తానికి వర్గమూలం తీస్తే 5.6 శాతం. ఇంత మంచి కొలత ఉన్న గ్రహాలు కొద్దే.

చివర్లో చాలామంది జారిపడే చోటు ఒకటుంది. 5.9 భూమి సాంద్రత కంటే ఎక్కువ కదా, ఇనుము ఎక్కువుంటుంది అనుకుంటారు. కానీ 5.6 రెట్లు బరువైన గ్రహం తన బరువుకు తానే నొక్కుకుపోతుంది. భూమి పాళ్లలోనే ఇనుమూ శిలా కలిపి అంత గ్రహాన్ని చేస్తే వ్యాసార్థం 1.6 దగ్గర ఆగి, సాంద్రత 7.5 దాకా పోవాలి. ఆ లెక్కన ఇది తేలిక గ్రహం. అందుకే సాంద్రత అంకెను నేరుగా భూమితో పోల్చకుండా, అదే ద్రవ్యరాశి దగ్గర నమూనా వక్రరేఖతో పోల్చాలి.

ప్రశ్న: మీరు చెప్పే ఈ గ్రహానికే ఒకచోట 12.5, ఒకచోట 7.5, ఇంకోచోట 5.9 అని సాంద్రత చదివాను. ఏది నమ్మాలి?
– బ్యాంకు ఉద్యోగి, విజయనగరం

మూడూ పరిశోధన పత్రాల్లో వచ్చినవే, వరుసగా 2017, 2019, 2024లో. చివరిదాన్ని నమ్మండి. ఎందుకు మారిందన్నది మాత్రం తెలుసుకోదగ్గ విషయం.

2017లో ఆ నక్షత్రం దూరం 41 కాంతి సంవత్సరాలనుకున్నారు. దగ్గరున్నదనుకుంటే అసలు ప్రకాశం తక్కువ, కాబట్టి నక్షత్రం చిన్నది. వ్యాసార్థం 0.186 అని పెట్టుకున్నారు. ట్రాన్సిట్ లోతు కూడా 0.50 శాతమే తేలింది. అలా గ్రహం వ్యాసార్థం 1.43 దగ్గర, ద్రవ్యరాశి 6.65 దగ్గర పడి, సాంద్రత 12.5కి ఎక్కింది. తర్వాత గయా పారలాక్స్ వచ్చి దూరాన్ని 49కి జరిపింది, నక్షత్రం పెద్దదైంది. స్పిట్జర్ టెలిస్కోపు పరారుణంలో ట్రాన్సిట్‌ను ఇంకా శుభ్రంగా కొలిచింది, లోతు కాస్త పెరిగింది. వ్యాసార్థం 1.73కి పోయింది, సాంద్రత 7.5కి దిగింది. ఆ తర్వాత చిలీలోని ఎస్ప్రెసో వర్ణపటమాపకం కొలతలను మళ్లీ విశ్లేషిస్తే ద్రవ్యరాశి 6.98 నుంచి 5.6కి తగ్గి, 5.9 మిగిలింది.

గ్రహం ఇసుమంతైనా మారలేదు. మారింది ప్రధానంగా నక్షత్రం గురించి మనకున్న అంకె. ఏ పత్రం చదివినా గ్రహం పట్టిక కంటే ముందు నక్షత్రం పట్టిక చూడండి: దూరం ఎక్కడిది, వ్యాసార్థం ఏ పద్ధతిలో తీశారు, దోషం ఎంత.

ప్రశ్న: సాంద్రత తెలిసిపోతే పదార్థం తెలిసిపోయినట్టేనా?
– కాలేజీ విద్యార్థి, అనంతపురం

రెండు కొసల్లో ఉంటే దాదాపు తెలిసినట్టే. 31 కాంతి సంవత్సరాల దూరంలో 7.7 గంటలకో చుట్టు తిరిగే జీజే 367బి సాంద్రత 2023 కొలతల ప్రకారం 10.2. వ్యాసార్థం భూమిలో 0.7 రెట్లే కాబట్టి నొక్కుడు తక్కువ. అంత చిన్న గ్రహానికి అంత సాంద్రత రావాలంటే ఇనుము తప్ప దారి లేదు, ద్రవ్యరాశిలో 90 శాతం దాకా.

చిక్కంతా మధ్యలో ఉన్నవాటితోనే. ఒక మూట అనుకోండి. కట్టేసి ఉంది, కొలత తెలుసు, తూకం తెలుసు. అంతా పొట్టా, అంతా ఇసుకా అని చెప్పొచ్చు. వడ్లూ ఇసుకా పొట్టూ కలిసి ఉంటే ఏది ఎంతో ఆ రెండు అంకెలతో తేలదు. గ్రహంలో పాళ్లు నాలుగు: ఇనుము, శిల, నీరు, హైడ్రోజన్. మన దగ్గరున్న సమీకరణాలు రెండు. ఇనుము పెంచి పైన నీరు చేర్చినా, ఇనుము తగ్గించి నీరు తీసేసినా అదే సాంద్రత వస్తుంది. హైడ్రోజన్ మరీ మోసకారి, ద్రవ్యరాశిలో వెయ్యో వంతు ఉన్నా చాలు, వ్యాసార్థం చూడగానే తేడా తెలిసేంత ఉబ్బుతుంది.

ట్రాపిస్ట్-1 ఏడు గ్రహాల సంగతి చూడండి. ఆ నక్షత్రం కనిపించే కాంతిలో మరీ మసక, డాప్లర్ కొలతకు లొంగదు. గ్రహాలు ఒకదాన్నొకటి లాక్కోవడం వల్ల ట్రాన్సిట్‌లు కొన్ని నిమిషాల నుంచి గంట దాకా ముందూ వెనకా అవుతాయి. ఆ తేడాల నుంచే 2021లో ద్రవ్యరాశులను 3 నుంచి 5 శాతం కచ్చితత్వంతో తీశారు. ఏడూ భూమి పాళ్ల గ్రహం కంటే కొద్దిగా తేలికని తేలింది. వివరణలు మూడు వచ్చాయి. ఇనుము భూమిలో 32 శాతమైతే అక్కడ 21 శాతమే ఉండొచ్చు. లేదా ఇనుమంతా తుప్పై, గర్భంలో పోగుపడకుండా శిలలో కలిసిపోయి ఉండొచ్చు. లేదా బయటి నాలుగు గ్రహాల మీద ద్రవ్యరాశిలో 5 శాతం దాకా నీరు ఉండొచ్చు. లోపలి మూడింటికి ఈ మూడోది కుదరదు, అంత వేడిలో నీరు ఆవిరి వాతావరణమై వ్యాసార్థాన్ని బాగా ఉబ్బించేది. ఏడింటినీ ఒకే వివరణతో సరిపెట్టగల మొదటి రెండే నయమనిపిస్తుంది.

ముడి విప్పడానికి అదనపు సమాచారం కావాలి. ఒకటి, నక్షత్రంలో ఇనుము, మెగ్నీషియం, సిలికాన్ పాళ్లు. గ్రహం కూడా అదే మేఘంలో పుట్టింది కాబట్టి కోర్ (ఇనుప గర్భం) ఎంత పెద్దదో ఒక అంచనా దొరుకుతుంది. ఎర్ర మరుగుజ్జు వర్ణపటంలో అణువుల పట్టీలు అల్లుకుపోయి ఉంటాయి, ఈ పాళ్లు చదవడం కష్టం. సూర్యుడి లాంటి జంట నక్షత్రం పక్కన ఉంటే దాన్ని చదివి పని గడుపుకుంటారు. రెండోది, వాతావరణం. ఎల్‌హెచ్‌ఎస్ 1140బి కి హైడ్రోజన్ తొడుగు ఉంటే జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు తీసిన వర్ణపటంలో పెద్ద గుట్టలు కనిపించాలి. కనిపించలేదు. దాంతో ఆ తేలికదనానికి నీరే గట్టి అభ్యర్థి, ద్రవ్యరాశిలో 10 నుంచి 20 శాతం. భూమి మీది సముద్రాలన్నీ కలిపినా భూద్రవ్యరాశిలో 0.02 శాతమే.

ప్రశ్న: అన్నిటికంటే దగ్గరున్న ప్రాక్సిమా బి దేనితో తయారైంది?
– గృహిణి, కరీంనగర్

చెప్పలేం. అది నక్షత్రానికి అడ్డం రాదు, కాబట్టి వ్యాసార్థం లేదు. డాప్లర్ ఇచ్చేది కనీస ద్రవ్యరాశి మాత్రమే, భూమికి కొంచెం ఎక్కువ. కక్ష్య ఎటు వాలి ఉందో తెలియనప్పుడు అసలు ద్రవ్యరాశి దానికి రెండింతల లోపు ఉండే అవకాశం 87 శాతం. ‘రాతి గ్రహం’ అని రాసేవన్నీ సహేతుకమైన ఊహలే, కొలతలు కావు.

ప్రశ్న: నక్షత్రం మీది మచ్చలు ఈ లెక్కలను పాడుచేస్తాయంటారు, ఎలా?
– బీటెక్ విద్యార్థి, గుంటూరు

రెండు వైపులా. నక్షత్రం తిరుగుతుంటే మచ్చ ఒక అంచు నుంచి ఇంకో అంచుకు పోతూ వర్ణరేఖల ఆకారాన్ని వంచుతుంది, అది గ్రహం ఊపినట్టే కనిపిస్తుంది. గ్లీజ్ 581డి అనే ‘గ్రహం’ అలా వచ్చిందే. అది నక్షత్రం చేసే గారడీ అని 2014లో చూపించారు. దొంగను పట్టే పరీక్షలు మూడు. భ్రమణ కాలం, దానిలో సగం, మూడో వంతు దగ్గర పడే ఆవర్తనాలను అనుమానించాలి. నక్షత్రం మీది అలజడికి గుర్తైన హైడ్రోజన్ ఆల్ఫా రేఖ బలం కూడా అదే లయలో మారుతుందేమో చూడాలి. ఊపును ఎరుపులోనూ పరారుణంలోనూ విడివిడిగా కొలవాలి. గ్రహం ఊపు ఏ రంగులో చూసినా ఒకటే, మచ్చది సాధారణంగా పరారుణంలో తగ్గుతుంది.

ట్రాన్సిట్‌లో సంగతి వేరు. గ్రహం దాటని చోట నల్లమచ్చలుంటే, గ్రహం సగటు కంటే వెలుగైన భాగాన్ని కప్పుతుంది, లోతు ఎక్కువగా తేలుతుంది, గ్రహం ఉన్నదాని కంటే పెద్దదవుతుంది. పైగా మచ్చలు చల్లగా ఉండి వాటిలోనే నీటి ఆవిరి ఉంటుంది. జీజే 486బి వర్ణపటంలో జేమ్స్ వెబ్‌కు 2023లో నీటి జాడ దొరికింది. అది గ్రహానిదో మచ్చలదో ఆ కొలతతో తేలలేదు.

ట్రాన్సిట్‌లను వెతికే టెస్ ఉపగ్రహం పిక్సెల్ ఒక్కోటి 21 ఆర్క్‌సెకన్ల (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకను) వెడల్పు. పక్క నక్షత్రం వెలుగు అందులో కలిస్తే లోతు తగ్గి గ్రహం చిన్నదైపోతుంది. అందుకే ఇంకా స్పష్టంగా చూసే టెలిస్కోపుతో మళ్లీ చూడకుండా సాంద్రత ప్రకటించకూడదు.

ప్రశ్న: ఉపరితలం మీద ఏ రాయి ఉందో కూడా చెప్పగలరా?
– హైస్కూలు టీచర్, ఖమ్మం

వాతావరణం లేకపోతే కొంతవరకు. గ్రహం నక్షత్రం వెనక్కి పోయినప్పుడు దాని పరారుణ వెలుగు మాయమవుతుంది. ఆ తగ్గుదలే పగటి వైపు వేడిని చెబుతుంది. ట్రాపిస్ట్-1బి కి 2023లో 15 మైక్రాన్ల దగ్గర వచ్చినది సుమారు 500 కెల్విన్. వేడిని రాత్రి వైపుకు పంచే గాలి ఉంటే 400 దగ్గర ఉండాలి, కాబట్టి ఆ కొలత నల్లటి ఉత్త రాయికే సరిపోయింది. ఎల్‌హెచ్‌ఎస్ 3844బి మీద 2019లో స్పిట్జర్ చూసినది కూడా దట్టమైన గాలి లేని, బసాల్ట్ లాంటి ముదురు ఉపరితలం. లేతరంగు గ్రానైట్ అయితే వెలుతురును వెనక్కి కొట్టి ఇంకా చల్లగా ఉండేది.

ప్రశ్న: మా దగ్గర 8 అంగుళాల టెలిస్కోపు ఉంది. హైదరాబాద్ శివార్ల నుంచి మేమేమైనా కొలవగలమా?
– ఖగోళ క్లబ్ సభ్యుడు

వ్యాసార్థం కొలవగలరు. ద్రవ్యరాశి మీద ఆశ వదులుకోండి. రాతి గ్రహంతో మొదలుపెట్టకుండా ముందు జీజే 1214బి తో చేయి తిప్పుకోండి. అది 2009లో దొరికిన చిన్న నెప్ట్యూన్ (భూమికీ నెప్ట్యూన్‌కూ మధ్య సైజు గ్రహం), లోతు 1.4 శాతం, ట్రాన్సిట్ 52 నిమిషాలు, 1.58 రోజులకోసారి. సర్పధారి మండలంలో ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో అర్ధరాత్రి దాటాక చూడండి, జూన్‌లో మబ్బులు చేయనివ్వవు.

మోనోక్రోమ్ కెమెరా, స్లోన్ ఐ ఫిల్టర్ వాడండి. ఆ ఫిల్టర్ 690 నుంచి 820 నానోమీటర్ల మధ్య కాంతినే వదులుతుంది. ఎర్ర నక్షత్రం అక్కడ బాగా వెలుగుతుంది, ఊరి ఎల్‌ఈడీ దీపాలు అక్కడ పెద్దగా వెలగవు. 930 నానోమీటర్ల దగ్గర నీటి ఆవిరి పట్టీ ఉంది, ఫిల్టర్ లేకుండా తీస్తే గాలిలో తేమ మారినప్పుడల్లా మీ నక్షత్రం వెలుగు కూడా మారినట్టు కనిపిస్తుంది. ఎక్స్‌పోజర్ నిమిషం చాలు. ట్రాన్సిట్‌కు గంట ముందు మొదలుపెట్టి, అయ్యాక గంట దాకా ఆపకండి. ఆ రెండు గంటల సమతల భాగం లేకపోతే లోతు కొలవడానికి ఆధారం ఉండదు. పోలిక నక్షత్రాలు కనీసం నాలుగు ఉండాలి, వీలైనంత ఎర్రనివి. నీలి నక్షత్రంతో పోలిస్తే, ఆకాశంలో కిందికి దిగేకొద్దీ వక్రరేఖ దానంతటదే వాలిపోతుంది.

విశ్లేషణకు ఉచితంగా దొరికే ఆస్ట్రోఇమేజ్‌జే సరిపోతుంది. కంప్యూటర్ గడియారాన్ని ఇంటర్నెట్ సమయంతో సరిచేసుకోండి. ఐఎస్‌టీ నుంచి 5:30 తీసేసి, ఆ పైన సౌరకుటుంబ గురుత్వ కేంద్రానికి మార్చాలి. భూమి కక్ష్యలో ఎక్కడుందో దాన్నిబట్టి ఈ తేడా 8 నిమిషాల దాకా ఉంటుంది, మరిచిపోతే ట్రాన్సిట్ వేళ తప్పిందని వృథాగా కంగారుపడతారు. నక్షత్రం రాత్రంతా అవే పిక్సెళ్ల మీద ఉండేలా గైడింగ్ పెట్టండి. టెలిస్కోపు జర్మన్ మౌంట్ మీద ఉంటే నక్షత్రం మధ్యాహ్న రేఖ (నడినెత్తి మీదుగా ఉత్తర దక్షిణాలను కలిపే గీత) దాటేటప్పుడు గొట్టం అటూఇటూ మారి, నక్షత్రం వేరే పిక్సెళ్ల మీద పడుతుంది, వక్రరేఖలో మెట్టు వస్తుంది. ఆ మార్పు ట్రాన్సిట్ మధ్యలో పడని రాత్రినే ఎంచుకోండి.