ఎదురుచూసే రోజుల్లో వాక్యం చదవడం గురించి, మా చెల్లెలి కూతురికి

ఒంగోలు

తల్లీ,

ప్రభువు నామంలో వందనాలు. రాత్రి నువ్వు పంపిన పెద్ద మెసేజ్ మళ్లీ మళ్లీ చదివాను. ఫోన్లో తేలిగ్గా చెప్పేసే సంగతులు కావివి, అందుకే కూర్చుని రాస్తున్నాను.

ప్రభుత్వ టీచరు ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ, రోజూ బైబిలు తెరుస్తున్నా మనసుకేమీ ఎక్కడం లేదన్నావు. "దేవుని సమయం వచ్చినప్పుడు అదే జరుగుతుందిలే" అని ఎవరన్నా అంటే ఒళ్లు మండుతోందనీ అన్నావు. ముందు ఈ రెండో సంగతి చెబుతాను.

ఒళ్లు మండితే తప్పేం లేదమ్మా. ఆ మాట అనేవాళ్లలో చాలామంది నీ బాధ పూర్తిగా వినే ఓపిక లేక అంటారు. నువ్వు బీఈడీ పూర్తి చేసేసరికి, ప్రభుత్వ టీచర్ల పోస్టులకు 2018లో పెట్టిన డీఎస్సీ అయిపోయింది. 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ పడేసరికి 2025 వచ్చింది. మధ్యలో గడిచినవి ప్రభుత్వం ఆలస్యం చేసిన ఏళ్లు. వాటిని దేవుని లెక్కలో రాసెయ్యమని నేను చెప్పను. కొద్ది మార్కుల్లో పోస్టు పోయిందని ఏడిస్తే అది అవిశ్వాసం కాదు. 13వ కీర్తన తియ్యి. ఎన్నాళ్లు మరిచిపోతావు, ఎంతకాలం ముఖం తిప్పుకుంటావు అని దావీదు దేవుణ్ణే నిలదీస్తాడు. ఆ మాటలు మన ఆరాధనలో గట్టిగా చదువుకుంటున్నాం కదా. నువ్వూ ప్రార్థనలో అలాగే అడుగు. మర్యాదగా ఉండాలని కోపం దాచిపెట్టి చేసే ప్రార్థనలో నిజం తగ్గిపోతుంది.

ఇక డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నువ్వు తీసుకున్న వాగ్దాన కార్డు సంగతి. మీకు నిరీక్షణ కలిగేలా నేను ఉద్దేశించినవి మేలుకే గానీ హానికి కావు అనే యిర్మీయా 29:11 వచ్చిందనీ, ఏడాదంతా దాన్నే పట్టుకున్నా ఏమీ జరగలేదనీ రాశావు. మన సంఘంలో సగం ఇళ్ల గోడల మీద ఆ వచనమే ఉంటుంది. ఒక పని చెయ్యి. కార్డు పక్కన పెట్టి ఆ అధ్యాయం మొదటి వచనం నుంచి చదువు. అది ఒక ఉత్తరం. బబులోనుకు చెరపట్టుకుపోయిన వాళ్లకు యిర్మీయా యెరూషలేము నుంచి రాసి పంపాడు. త్వరలోనే తిరిగి వెళ్లిపోతామని ఆశ పెట్టుకున్నవాళ్లకు ఆయన ఏం రాశాడో చూడు. ఇళ్లు కట్టుకుని కాపురం ఉండండి, తోటలు వేసుకుని వాటి పండ్లు తినండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీ పిల్లలకూ పెళ్లిళ్లు చెయ్యండి, మిమ్మల్ని చెరగా తెచ్చిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చెయ్యండి. తిరిగి రావడానికి డెబ్భై ఏళ్లు అని పదో వచనంలో స్పష్టంగా ఉంది. ఆ తర్వాతే నీ కార్డు మీద ఉన్న పదకొండో వచనం.

ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో ఎక్కువమంది తిరుగు ప్రయాణం చూసి ఉండరు. అయినా "మీకు" అని రాసింది వాళ్లకే. డెబ్భై ఏళ్ల సంగతి తెలిసి కూడా ఆ వాగ్దానాన్ని వాళ్లు తీసుకోవాల్సి వచ్చింది. అధ్యాయం మొత్తం ఒక వరుసలో చదివిన తర్వాతే నాకు ఆ వచనం మీద నిజమైన ప్రేమ కలిగింది. నీ కార్డు అబద్ధం చెప్పలేదు. ఆ ఒక్క వచనమే పట్టేంత చిన్న అట్టముక్క మీద పదో వచనానికి చోటు లేదు, అంతే.

కాబట్టి ఎదురుచూడటమంటే బతుకంతా ఆపేసి కూర్చోవడం అనుకోకు. కుట్టు మిషను కొనుక్కుంటానని పోయినేడు అన్నావు, కొనుక్కో. ఇప్పుడు చెబుతున్న ప్రైవేటు స్కూల్లో జీతం తక్కువే కావచ్చు. ఆ ఐదో తరగతి పిల్లలు మాత్రం నిన్నే టీచరమ్మ అనుకుంటున్నారు, వాళ్లకు బాగా చెప్పు. మంచి సంబంధం వస్తే "ఉద్యోగం వచ్చాకే" అని వెనక్కి పంపొద్దని మీ నాన్నకు నేనే చెబుతాను. మళ్లీ నోటిఫికేషన్ పడితే అప్లికేషన్ పెట్టు, చదువు. యోసేపు ఐగుప్తు జైల్లో ఉండి కూడా, నీకు మేలు కలిగినప్పుడు రాజైన ఫరోతో నా సంగతి చెప్పు అని, రాజుకు ద్రాక్షారసం అందించే పానదాయకుల అధిపతిని అడిగాడు. అడిగినందుకు ఆయన విశ్వాసం తగ్గిపోలేదు.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. ఎవరో ప్రసంగీకుడు కూడికలో నీ తల మీద చెయ్యి పెట్టి, డిసెంబరు లోపల ఉద్యోగం వస్తుందని ప్రవచనం చెప్పాడని రాశావు. డిసెంబరు వెళ్లిపోయింది. నీ ప్రార్థన చాలలేదేమో, ఇంట్లో ఏదైనా పాపం ఉందేమో అని టెన్షన్ పడుతున్నావు. ఆ టెన్షన్ వదిలెయ్యి. యిర్మీయా 29వ అధ్యాయానికి ముందు 28 ఉంది కదా, అదీ చదువు. హనన్యా అనే ప్రవక్త ప్రజలందరి ఎదుట, రెండేళ్లలో అంతా బాగైపోతుందని చెప్పాడు. జనానికి ఆ మాట ఎంత బాగుండి ఉంటుంది! యిర్మీయా మొదట ఆమేన్ అన్నాడు, యెహోవా అలాగే చేయును గాక అన్నాడు. ఆయన మనసూ అదే కోరుకుంది మరి. కానీ దేవుడు చెప్పింది అది కాదు. దేవుడివ్వని తేదీని దేవుని పేరు మీద చెప్పి జనాన్ని అబద్ధం నమ్మేలా చేశావని తర్వాత యిర్మీయా హనన్యాతో ముఖం మీదే అన్నాడు. నీకు తేదీ చెప్పినవాళ్లు అది తప్పితే వచ్చి నీ కన్నీళ్లు తుడవరు. ఆ లోటు నీ మీద వేసుకోకు. ఇకమీదట ఎవరు తేదీ చెప్పినా, వాళ్ల మీద కోపం పెట్టుకోకుండా, మర్యాదగా విని ఇంటికి వచ్చెయ్యి.

వాక్యం మనసుకెక్కడం లేదన్నావే, దానికి కారణం నువ్వు చదివే పద్ధతిలోనే ఉందని నాకనిపిస్తోంది. కళ్లు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పడ్డ చోట చదువుతున్నానన్నావు. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే వాగ్దానం బొమ్మ చూసి అదే ఆ రోజు వాక్యం అనుకుంటున్నావు. అలా చదివితే ప్రతి వచనాన్నీ "ఇది నా ఉద్యోగం గురించేనా?" అనే ఒక్క ప్రశ్నతోనే చూస్తాం. తలనొప్పి వచ్చినప్పుడు వేసుకునే మాత్రలా ఉంటుంది ఆ చదువు. నొప్పి తగ్గకపోతే మాత్ర మీదే నమ్మకం పోతుంది.

వరుసగా చదువు. ఆదికాండము 37తో మొదలుపెట్టి 50 దాకా, యోసేపు సంగతి. 38వ అధ్యాయంలో యూదా, తామారుల సంగతి మధ్యలో వస్తుంది, అదీ దాటెయ్యకు. రోజుకు ఒక్క అధ్యాయం చాలు. ఎక్కువైతే సగమే చదువు. పొద్దున లేవగానే, ఫోన్ ముట్టుకోకముందే కూర్చో. మీ ఇంట్లో ఆ వేళకు పంపు నీళ్ల హడావిడి ఉంటుందని తెలుసు. అప్పుడు కుదరకపోతే స్కూలుకు వెళ్లే ముందు ఓ పావుగంట చూసుకో. వేళ ఏదైనా రోజూ అదే వేళ అయితే మంచిది.

ఒక నోటుబుక్కు పెట్టుకో. తేదీ, అధ్యాయం రాసి, ఆ రోజు చదివిన దాంట్లో దేవుడు ఏం చేశాడో ఒక్క ముక్క రాయి. కింద నీ మాట ఒకటి. పెద్ద పెద్ద ధ్యానాలు రాయాలని చూడకు. "ఈ రోజు దేవుడు ఏం చేస్తున్నాడో కనపడలేదు" అని తోస్తే అదే రాయి. యోసేపు సంగతిలో అలాంటి రోజులు చాలా వస్తాయి, చూస్తావుగా. కలలు వచ్చినప్పుడు ఆయన వయసు పదిహేడు. ఫరో ఎదుట నిలబడినప్పుడు ముప్పై. 40వ అధ్యాయం చివరి వచనంలో పానదాయకుల అధిపతి ఆయన్ను మరిచిపోయాడు. 41వ అధ్యాయం మొదటి వచనం దగ్గరికి వచ్చేసరికి రెండేళ్లు గడిచిపోయాయి. ఆ రెండేళ్ల గురించి ఒక్క మాటా రాసి లేదు. 40 పూర్తయిన రోజున పుస్తకం మూసెయ్యి, మర్నాడు ముందుకు వెళ్లకు. ఆ మర్నాటి వేళ ఊరికే కూర్చుని, ఏ కబురూ రాని ఆ రెండేళ్లను తలుచుకుని ప్రార్థన చెయ్యి. గబగబా చదివేసేవాళ్లు అన్నలు ఎప్పుడొస్తారా అని ఆత్రంగా వెళ్లిపోతారు. నువ్వు ఇప్పుడు ఉన్నది ఆ రెండు అధ్యాయాల మధ్యలో. అక్కడా దేవుడున్నాడని నీకు తెలియాలి.

50వ అధ్యాయంలో, మీరు నాకు కీడు చేద్దామనుకున్నారు గానీ దేవుడు దాన్ని మేలుకే ఉద్దేశించాడని యోసేపు అన్నలతో అంటాడు. అది ఎవరన్నారో, ఎప్పుడన్నారో గమనించు. బాధపడినవాడే అన్నాడు. అన్నీ గడిచి, తండ్రి కూడా పోయాక అన్నాడు. అన్నలు గుంటలో పడేసిన రోజున పైనుంచి ఎవరూ వంగి ఆ మాట చెప్పలేదు. నీకు తొందరపడి చెప్పేవాళ్లను క్షమించు. నువ్వు మాత్రం ఎవరి చావింట్లోనూ, ఎవరి ఆసుపత్రి మంచం దగ్గరా ఆ మాట అనకు.

మన ఊరి సంగతి ఒకటి రాస్తాను. ఒంగోలులో ప్రార్థన కొండ ఎక్కావు కదా, చిన్నప్పుడు మీ అమ్మ తీసుకొచ్చింది. నెల్లూరులో బాప్టిస్టు మిషను 1840లో మొదలైంది. ఏళ్లు గడిచినా విశ్వాసులు చాలా కొద్దిమందే. 1853లో అమెరికాలోని మిషను పెద్దలు ఈ పని మూసేద్దామా అని చర్చ పెట్టుకున్నారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ జూయెట్ దొర, దొరసాని, వాళ్లతో ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండ ఎక్కి, ఒంగోలుకు ఒక దైవసేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ ముగ్గురిలో జూలియా అనే ఆమె ఉంది. మిషనరీ క్లౌ దొర వచ్చి ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. మధ్యలో పన్నెండేళ్లు. కొండ దిగిన మర్నాడు వాళ్లకు కొత్తగా జరిగిందేమీ లేదు. ఎప్పటి పనే చేసుకున్నారు.

ఆ తర్వాత సంగతి మన సంఘాల్లో అందరూ చెబుతారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నాకు అంతకంటే దాని ముందు జరిగింది ముఖ్యం. 1876 నుంచి 1878 దాకా ఘోరమైన కరువు. క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి దొరికేలా చేశాడు. వేలమంది బాప్తిస్మం అడిగారు. కరువు సాయం నడుస్తున్నన్నాళ్లూ ఆయన ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారనే మాట రాకూడదని, వాళ్ల విశ్వాసం నిజంగా నిలవాలని ఆగాడు. నెలల తరబడి ఆగాడు. ఆ కరువును దేవుడు దీనికోసమే పంపాడని కొందరు ప్రసంగాల్లో అంటారు. నేను అనను. ఆ రోజుల్లో బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లుల ముఖం చూసి అనగలిగే మాట కాదది. ఆ కరువులో కూడా దేవుడు తన జనాన్ని విడిచిపెట్టలేదని మాత్రం అంటాను.

నీకు తెలిసిన బాధ ఒకటి కూడా రాయాలి. మీ పెదనాన్న జబ్బుతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు సంఘమంతా ఉపవాస ప్రార్థనలు చేసింది. నేను వరుసగా చదువుకుంటూ వచ్చి సరిగ్గా ఆ రోజులకు లేవీయకాండములో ఉన్నాను. బలులు, కుష్ఠు, శుద్ధి ఆచారాలు. ఓదార్పు వచనం ఒక్కటీ ఎదురుపడలేదు. అయినా వరండాలో కూర్చుని రోజూ అదే చదివాను. ఇంత చిన్న చిన్న సంగతులు కూడా పట్టించుకునే దేవుడు మమ్మల్ని చూస్తున్నాడని అప్పటి నోటుబుక్కులో ఒకచోట రాసుకున్నాను. ఆయన బాగుపడలేదు, వెళ్లిపోయాడు. ఎందుకో నాకు ఈ రోజుకీ తెలియదు. యోహాను 11లో లాజరు జబ్బు కబురు విన్నాక యేసు రెండు రోజులు అక్కడే ఉండిపోయాడు. లాజరు తోబుట్టువు మార్త యేసుతో, నువ్వు ఇక్కడ ఉండి ఉంటే మా సహోదరుడు చనిపోయేవాడు కాదని మొహం మీదే అంది. ఏం చేయబోతున్నాడో యేసుకు తెలుసు, అయినా సమాధి దగ్గరికి వెళ్లే ముందు కన్నీళ్లు పెట్టుకున్నాడు. నేను నమ్ముకున్నది ఆయన్ని. కారణాలన్నీ తెలిసినందుకు నమ్మలేదు.

నీకు ఉద్యోగం వస్తుందని నేను రాయలేను తల్లీ. రావాలని రోజూ మోకాళ్ల మీద అడుగుతున్నాను.

సోమవారం నుంచి మొదలుపెట్టు. మధ్యలో ఒక రోజు తప్పితే రెండు రోజులది ఒకేసారి లాగించొద్దు, ఆగిన చోటు నుంచే చదువు. యోసేపు సంగతి అయ్యాక రూతు తియ్యి, నాలుగే అధ్యాయాలు. అర్థంకాని చోట పెన్సిల్‌తో గీత పెట్టుకుని ఆదివారం సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి, ఇద్దరం కలిసి చూద్దాం. మీ అమ్మ మళ్లీ షుగరు మాత్రలు మానేసిందట, ఉపవాసం రోజున కూడా మానొద్దని పెద్దమ్మ చెప్పిందని చెప్పు.

ప్రభువు ప్రేమలో,
మీ పెద్దమ్మ