ఇంగ్లాండ్‌లో ఫోస్టర్ కేర్ పిల్లలకు కౌన్సిల్ ఇల్లు: 18 నిండేదాకా ఆగకండి

మీ ఇంట్లో ఫోస్టర్ కేర్‌లో (సొంతవాళ్ల దగ్గర ఉండలేని పిల్లలను కౌన్సిల్ వేరే కుటుంబంలో ఉంచే ఏర్పాటు) పెరుగుతున్న అమ్మాయికి వచ్చే వేసవికి 18 నిండుతాయని, కౌన్సిల్, అంటే స్థానిక ప్రభుత్వం, అద్దెకిచ్చే ఫ్లాట్ కోసం హౌసింగ్ ఆఫీసుకు వెళ్తే "18 నిండాక రండి" అన్నారని రాశారు. మేమూ ఇంగ్లాండ్‌లో ఫోస్టర్ కేరర్లమే. మా దగ్గర పెరిగిన అబ్బాయి ఒకడు ఇప్పుడు కౌన్సిల్ ఫ్లాట్‌లో సొంతంగా ఉంటున్నాడు. ఆ అనుభవంతో గట్టిగా చెప్తున్నాను, పుట్టినరోజు దాకా ఆగకండి.

టెనెన్సీ కాగితం (అద్దె ఒప్పందం) మీద తన పేరుతో సంతకం పెట్టాలంటే మామూలుగా 18 నిండాలి, ఆ మాట నిజమే. కానీ హౌసింగ్ రిజిస్టర్‌లో, అంటే కౌన్సిల్ ఇళ్ల వెయిటింగ్ లిస్టులో, పేరు రాయించుకోవడం వేరు. చాలా కౌన్సిళ్లు 16 ఏళ్లకే దరఖాస్తు తీసుకుంటాయి. ప్రతి కౌన్సిల్‌కూ ఇళ్లు ఎవరికి ఎలా ఇస్తారో చెప్పే అలొకేషన్ పాలసీ ఉంటుంది, వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది. అందులో కేర్ లీవర్ల (కేర్‌లో పెరిగి బయటికి వచ్చే యువత) గురించి ఉన్న భాగాన్ని ప్రింట్ తీసుకుని ఈసారి ఆఫీసుకు వెళ్లండి. కౌంటర్‌లో కూర్చున్నవాళ్లకు ఆ భాగం గుర్తుండకపోవచ్చు.

అన్నిటికన్నా ముందు అర్థం చేసుకోవాల్సింది ఒకటుంది. కేర్‌లో ఉన్న పిల్లలకు కౌన్సిల్ ఇళ్లిచ్చే ఆఫీసు మాత్రమే కాదు. చట్టం దాన్ని తల్లిదండ్రుల స్థానంలో నిలబెట్టింది, కార్పొరేట్ పేరెంట్ అంటారు. చిక్కేమిటంటే, పిల్లల బాధ్యత చూసే సోషల్ సర్వీసెస్ ఒక విభాగం, ఇళ్లు చూసే హౌసింగ్ ఇంకో విభాగం. కొన్ని ప్రాంతాల్లో మొదటిది కౌంటీ కౌన్సిల్ చేతిలో, రెండోది డిస్ట్రిక్ట్ కౌన్సిల్ చేతిలో ఉంటుంది. ఒకరి ఫైల్ ఇంకొకరు చూడరు. మీరు ఒంటరిగా హౌసింగ్ ఆఫీసుకు వెళ్తే ఆ అమ్మాయి వేల దరఖాస్తుల్లో ఒక దరఖాస్తు. సోషల్ సర్వీసెస్ వాళ్లు రాతపూర్వకంగా వెనక నిలబడితే లెక్క మారుతుంది.

ఆ రాత ఉండాల్సిన చోటు పాత్‌వే ప్లాన్, అంటే కేర్ నుంచి సొంత జీవితంలోకి ఎలా వెళ్లాలో సోషల్ సర్వీసెస్ రాసే ప్రణాళిక. 14 దాటాక మొత్తం 13 వారాలైనా కేర్‌లో ఉండి, 16 నిండిన తర్వాత కూడా కేర్‌లో కొనసాగిన పిల్లలకు ఇది హక్కు. దానితో పాటు ఆ ప్లాన్ విషయంలో తోడుండే పర్సనల్ అడ్వైజర్‌ను ఇస్తారు. 2017 చట్టం వచ్చాక ఆ అడ్వైజర్ సాయం కావాలంటే 25 ఏళ్లదాకా అడగవచ్చు. ప్లాన్‌ను కనీసం ఆరు నెలలకోసారి తిరిగి చూడాలి. మా వాడి ప్లాన్‌లో ఇంటి గురించి మొదట ఒకే వాక్యం ఉండేది, తగిన వసతి చూస్తామని. అంతే. తర్వాతి మీటింగ్‌లో వాడూ నేనూ కూర్చుని నాలుగు విషయాలు రాయించాం. ఏ కౌన్సిల్‌కు అప్లై చేయాలి, ఫారం ఏ నెలలో ఎవరు నింపాలి, సపోర్ట్ లెటర్ ఎవరు రాస్తారు, పుట్టినరోజు నాటికి ఇల్లు రాకపోతే ఎక్కడ ఉంటాడు. చివరి ప్రశ్నకు జవాబు రాయడానికి వాళ్లు చాలా ఇబ్బంది పడ్డారు. పట్టుబట్టండి. మొత్తం ప్లాన్‌లో అన్నిటికన్నా విలువైనది ఆ జవాబే.

ఇక రిజిస్టర్ సంగతి. చాలాచోట్ల దరఖాస్తుదారులను అవసరాన్ని బట్టి బ్యాండ్లలో పెడతారు. ఖాళీ అయిన ఇళ్లు ఆన్‌లైన్‌లో పెడితే మనం బిడ్ వేయాలి. బిడ్ అంటే డబ్బు వేలం కాదు, ఈ ఇల్లు నాకు కావాలి అని నొక్కడమే. బ్యాండ్, దరఖాస్తు తేదీ చూసి ఇస్తారు. కేర్ లీవర్లకు పై బ్యాండ్ ఇచ్చే కౌన్సిళ్లున్నాయి, ఏటా కొన్ని ఫ్లాట్లు విడిగా పక్కన పెట్టేవీ ఉన్నాయి. అయితే ఒంటరిగా ఉండగలదని, అద్దె కట్టుకోగలదని పర్సనల్ అడ్వైజర్ ధ్రువీకరించాకే ఆ బ్యాండ్ ఇస్తామనే షరతు తరచుగా ఉంటుంది. బడ్జెట్, వంట, బిల్లుల మీద చిన్న కోర్సులు పెడతారు. ఇంట్లో ఎంత నేర్పినా సరే, ఆ కోర్సు సర్టిఫికెట్ చేతిలో ఉంచుకోమనండి. పాస్‌పోర్టో బర్త్ సర్టిఫికెట్టో, నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్, బ్యాంకు ఖాతా ఇప్పుడే సిద్ధం చేయండి.

మా వాడిని కేర్‌లోకి తీసుకున్నది పక్క కౌన్సిల్, పెరిగింది మా ఊళ్లో. ఇక్కడ అప్లై చేస్తే "నీకు లోకల్ కనెక్షన్ లేదు" అని, అంటే ఈ ప్రాంతంతో తగిన సంబంధం లేదని, తిప్పి పంపారు. చదువు, స్నేహితులు, పార్ట్‌టైమ్ పని అన్నీ ఇక్కడే ఉన్న పిల్లాడు ఆ మాట విని ఎంత కుంగిపోయాడో నేను కళ్లారా చూశాను. మీకు ఆ టెన్షన్ అక్కర్లేదు. 2025 జూలై నుంచి ఇంగ్లాండ్‌లో 25 ఏళ్లలోపు కేర్ లీవర్లను లోకల్ కనెక్షన్ లేదన్న కారణంతో రిజిస్టర్‌కు అనర్హులుగా చేయకూడదని నిబంధన వచ్చింది. ఎవరైనా పాత పాట పాడితే ఈ నిబంధనను ఈమెయిల్‌లో రాసి జవాబు అడగండి.

ఫ్లాట్ వచ్చిందంటే పని అయిపోయినట్టు కాదు. కౌన్సిల్ ఫ్లాట్ చాలాసార్లు నేల మీద కార్పెట్ లేకుండా, కుక్కర్, ఫ్రిజ్ లేకుండా చేతికిస్తారు. గ్యాస్ ఆపేసి ఉండవచ్చు, ప్రీపెయిడ్ మీటర్ మీద పాత అద్దెదారు బాకీ ఉండవచ్చు. తాళాలు తీసుకున్న రోజే మీటర్ రీడింగ్ ఫొటో తీసి, కరెంటు కంపెనీకి ఫోన్ చేయండి. సామాన్ల కోసం సెట్టింగ్ అప్ హోమ్ అలవెన్స్ ఉంది. 2023 ఏప్రిల్ నుంచి దాన్ని 2,000 పౌండ్ల నుంచి 3,000కు పెంచారు. ముందు కార్పెట్, మంచం, కుక్కర్ కొనమనండి, టీవీ తర్వాత. కౌన్సిల్ ట్యాక్స్ (స్థానిక ఇంటి పన్ను) మాఫీ చాలా కౌన్సిళ్లలో 25 ఏళ్లదాకా ఉంది కానీ అడిగితేనే ఇస్తారు. యూనివర్సల్ క్రెడిట్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే సాయం) మొదటి డబ్బు రావడానికి సుమారు ఐదు వారాలు పడుతుంది కాబట్టి, పుట్టినరోజుకు ముందే క్లెయిమ్ సిద్ధం చేసుకోవడం గురించి అడ్వైజర్‌తో మాట్లాడండి. కౌన్సిల్ ఇల్లు దొరక్క ప్రైవేటు ఇంట్లో దిగినా, 25 ఏళ్లలోపు కేర్ లీవర్లకు షేర్డ్ గది రేటు కాకుండా ఒక బెడ్‌రూమ్ ఇంటి రేటు లెక్కన అద్దె సాయం వస్తుంది.

ఇంకో మాట. ఆ అమ్మాయికి మీ ఇంట్లోనే ఉండాలని ఉంటే, మీకూ ఇష్టమైతే, స్టేయింగ్ పుట్ (18 దాటినా ఫోస్టర్ ఇంట్లోనే కొనసాగే ఏర్పాటు) కింద 21 ఏళ్లదాకా ఉండవచ్చు. 2014 చట్టం ఇచ్చిన అవకాశం ఇది. మీకొచ్చే డబ్బు తగ్గుతుంది, ముందే మాట్లాడుకోండి. రిజిస్టర్‌లో పేరు మాత్రం ఇప్పుడే పెట్టించండి. 18 ఏళ్ల పిల్లను తొందరపెట్టి ఒంటరి ఫ్లాట్‌లోకి పంపడం నాకు ఎప్పుడూ సరిగ్గా అనిపించలేదు.

అమ్మాయి పుట్టింది ఇండియాలోనో ఇంకో దేశంలోనో అయితే ఇది చాలా ముఖ్యం. వీసా స్థితి తేలకపోతే కౌన్సిల్ ఇల్లు గానీ యూనివర్సల్ క్రెడిట్ గానీ రాకపోవచ్చు. కౌన్సిల్ సంరక్షణలో ఉన్న పిల్లలకు బ్రిటిష్ పౌరసత్వ రిజిస్ట్రేషన్ ఫీజు 2022 నుంచి లేదు, కానీ అది 18 లోపు చేయాల్సిన పని. సోషల్ వర్కర్‌ను ఇవాళే అడగండి, ఇమిగ్రేషన్ లాయర్‌ను పెట్టించమనండి.

అన్నీ చేసినా పుట్టినరోజు నాటికి చోటు లేకపోతే, 56 రోజుల్లో నిలువ నీడ పోయే ప్రమాదం కనిపించగానే హోమ్‌లెస్‌నెస్ విభాగానికి వెళ్లవచ్చు. 16-18 మధ్య ఎప్పుడైనా కేర్‌లో ఉన్న 18 నుంచి 20 ఏళ్ల పిల్లలు హోమ్‌లెస్‌నెస్ చట్టం కింద ఆటోమేటిక్‌గా ప్రయారిటీ నీడ్‌లోకి, అంటే వసతిలో ప్రాధాన్యం ఉన్నవాళ్లలోకి, వస్తారు, వేరే రుజువు అడగకూడదు. వాళ్లిచ్చిన వసతి బాగా లేదనిపిస్తే వెంటనే కాదనకండి, కాదంటే కౌన్సిల్ బాధ్యత తీరిపోయిందని రాసేయవచ్చు. తీసుకుని, 21 రోజుల్లోపు రివ్యూ అడగండి. షెల్టర్, బికమ్ అనే స్వచ్ఛంద సంస్థలు ఉచితంగా సలహా ఇస్తాయి. అమ్మాయి తరఫున మాట్లాడేందుకు అడ్వకేట్‌ను కోరే హక్కు కూడా ఆమెకుంది.

నేను చెప్పిందంతా ఇంగ్లాండ్‌కు వర్తిస్తుంది, వేల్స్, స్కాట్లాండ్‌లలో నిబంధనలు వేరు. ఈ వారంలో సోషల్ వర్కర్‌కు ఈమెయిల్ పెట్టి రెండే అడగండి: పర్సనల్ అడ్వైజర్ ఎవరు, పాత్‌వే ప్లాన్ తర్వాతి మీటింగ్ ఎప్పుడు. ఆ జవాబు వచ్చాక, మీ కౌన్సిల్ పాలసీలో ఏ బ్యాండ్ రాశారో ఇక్కడ పెడితే ఫారంలో ఏం రాయాలో కలిసి చూద్దాం.