కలలు కనే మొగ్గ గురించి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. భాష బాగుంది. రెండో పేజీలో 'వసంతాన్ని కలగంటూ మొగ్గ నిద్రపోతుంది' అన్న వాక్యం దగ్గర మాత్రం ఒళ్లు మండింది. ఆ కల కన్నది నువ్వు. మొగ్గ మీదికి ఎందుకు తోశావు?

సైన్సు రాసేటప్పుడు ప్రతి వాక్యానికీ కర్త ఉండాలి. ఏ కణం, ఏ పదార్థం, ఏం చేసిందో చెప్పాలి. చలిదేశాల్లో పెరిగే ఆస్పెన్ చెట్టునే తీసుకో. పగళ్లు కుదించుకుపోయేసరికి మొగ్గలో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను ప్రభావం పెరుగుతుంది. కణానికీ కణానికీ మధ్య ఉండే ప్లాస్మోడెస్మాటా అనే సన్నటి దారులకు కాలోజ్ అనే పిండిపదార్థం బిరడాలా అడ్డుపడుతుంది. ఎదగమనే సంకేతం కొసలోని కణాలకు చేరదు. అందుకే నడుమ నాలుగు రోజులు వెచ్చబడినా మొగ్గ మోసపోదు. చాలినంత కాలం చలి తగిలాక గ్లూకనేజ్ ఎంజైములు ఆ కాలోజ్‌ను విడగొడతాయి. 2018లో అబ్సిసిక్ ఆమ్లానికి సరిగా స్పందించని మొక్కలను పరీక్షించారు. మొగ్గ కట్టింది, దారులు మాత్రం మూసుకోలేదు. పగళ్లు పెంచగానే చలితో పని లేకుండానే అవి చిగిర్చాయి. ఇంత కథ ఎదురుగా ఉంటే కల దేనికి?

నా తొలి వ్యాసానికి ఒక సంపాదకుడు ఇదే గతి పట్టించాడు. కణాల పేర్లు పాఠకుడికి అరగవంటూ అన్నీ కొట్టేసి, వాటి చోట తామర పువ్వు బొమ్మ వేశాడు. హనుమకొండలో లైబ్రరీ మూసేదాకా కూర్చుని రాసుకున్నది! ఇప్పటి ఆదివారం పేజీలూ అంతే, పువ్వుకు సిగ్గు, చెట్టుకు విరహం.

ఇంకొకటి. ములుగు అడవిలోని మోదుగు మొగ్గకూ ఈ చలి కథే అంటగట్టావు. ఎవరు పరీక్షించి చెప్పారు? అక్కడ మొగ్గ ఎలా కదులుతుందో చూడాలంటే, ఎండలు ముదరకముందే తునికి పొదలు కొడతారు, వెళ్లి చూడు. కొస పోగానే అక్కడి నుంచి కిందికి దిగుతూ పక్క మొగ్గలను అణిచే ఆక్సిన్ అనే హార్మోను ఆగిపోతుంది. అణిగి ఉన్న కింది మొగ్గలకు చక్కెరలు, ఎదుగుదలను రేపే సైటోకైనిన్ హార్మోన్లు అందుతాయి. బీడీలకు కావలసిన లేత ఆకు ఆ కొత్త చిగుళ్లదే. కొస తీసిన చోట ఆక్సిన్ పెడితే పక్క మొగ్గలు మళ్లీ అణుగుతాయని 1930లలోనే థీమన్, స్కూగ్ అనే వృక్షశాస్త్రవేత్తలు చూపించారు.

నీ పుస్తకం, దానికి నేను రాయాల్సిన ముందుమాట సంగతి తరువాత. ముందు మోదుగు పేరా తీసేయి. పొదలు కొట్టేవాళ్లను అడిగి, ఎంత ఎత్తున కొడతారో, ఎన్నాళ్లకు ఆకు కోస్తారో రాసి పంపు.