మెర్క్స్ గంట రికార్డు: 1984 వరకా, 2000 వరకా?

బెల్జియం సైక్లిస్ట్ ఎడీ మెర్క్స్ గంట రికార్డు (ఒక్క గంటలో సైకిల్‌పై తొక్కిన అత్యధిక దూరం) ఒక జాబితాలో 1984 వరకు, ఇంకోదాంట్లో 2000 వరకు నిలిచినట్టుంది, వ్యాసంలో ఏది రాయాలని అడిగారు. రెండూ సరైనవేనండీ. మధ్యలో నిబంధనలు మారాయి.

1972 అక్టోబర్ 25న మెక్సికో సిటీలో మెర్క్స్ 49.431 కి.మీ. తొక్కాడు: గుండ్రటి గొట్టాల ఫ్రేము, స్పోక్ చక్రాలు, వంపు హ్యాండిల్. 1984 జనవరిలో ఫ్రాన్సెస్కో మోజర్ అదే నగరంలో డిస్క్ చక్రాలతో 51.151 చేశాడు. 1996లో క్రిస్ బోర్డ్‌మన్ చేతులు ముందుకు బారుగా చాచి 56.375 దాకా వెళ్లాడు. గాలి నిరోధం తగ్గడం వల్లే అంత తేడా.

2000లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య అలాంటి అంకెలను వేరే ఖానాలో పెట్టి, మెర్క్స్ తరహా సైకిల్‌నే ప్రమాణం చేసింది. ఆ ఏడాది అక్టోబర్ 27న మాంచెస్టర్‌లో అదే బోర్డ్‌మన్ 49.441 తొక్కాడు. పది మీటర్లేనా అని తీసిపారేయకండి. మెక్సికో సిటీ 2,200 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది, అక్కడ గాలి పలచన. మాంచెస్టర్‌లో ఆ సాయం లేదు.

కాబట్టి మీ పట్టికలో 'సైకిల్ నిబంధన' అని ఒక నిలువు వరుస చేర్చండి. దూరం ప్రకారం మాత్రం పేర్చొద్దు, మెర్క్స్ అన్యాయంగా అడుగుకు పోతాడు. 2005లో చెక్ సైక్లిస్ట్ సోసెంకా తొక్కిన 49.700 కూడా మెర్క్స్ వర్గంలోకే వస్తుంది. 2014లో నిబంధనలు మళ్లీ మారాయి, యెన్స్ ఫోయిక్ట్ 51.110తో మూడో వర్గం మొదలుపెట్టండి.