చిన్నీ, ఆ 'యస్'తో జాగ్రత్త

చిన్నీ,

ఇంగ్లండులో నర్సు ఉద్యోగం కోసం ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్ష రాస్తున్నావని మీ నాన్న రాత్రి ఫోన్‌లో చెప్పాడు. పొద్దున్నే వీధంతా చెప్పొచ్చాను గానీ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

గ్రామర్ నీకు తెలిసిందే. మనం చివర దీర్ఘం తీస్తే చాలు, 'వచ్చాడు' కాస్తా 'వచ్చాడా' అయిపోతుంది. వాళ్లకు సహాయక క్రియ కర్తకు ముందు రావాలి, అది లేకపోతే డు, డజ్, డిడ్‌లలో ఒకటి తెచ్చుకోవాలి. డిడ్ వచ్చాక వెంట్ అనకు, గో అను. 'వేర్ యు ఆర్ గోయింగ్' అన్నావంటే ఇక్కణ్ణుంచే చెవి మెలిపెడతా.

నా భయమంతా 'తేలేదా', 'ఇవ్వలేదా' అని అడిగే ప్రశ్నలతోనే.

1981లో, ఎమ్మే ఇంగ్లీషు పాసైన పొగరుతో సికింద్రాబాదులో ఓ స్కూలుకు ఇంటర్వ్యూకి వెళ్లాను. అడిగేది ఆంగ్లో ఇండియన్ పెద్దాయన, ఇంట్లో కూడా ఇంగ్లీషే. 'హావెంట్ యు బ్రాట్ యువర్ సర్టిఫికెట్స్?' అన్నాడు. ఒరిజినల్స్ తీసుకెళ్లలేదు. మనసులో 'అవునండీ, తేలేదు' అనుకున్నాను, నోట్లోంచి 'యస్ సర్' అని వచ్చింది. ఆయన చెయ్యి చాపాడు. వేలికి సిరా మరక, నాకిప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. నేను చేతులు నలుపుకుంటూ నిలబడ్డాను. 'సో యు డోంట్ హావ్ దెమ్?' అన్నాడు. మళ్లీ 'యస్ సర్'! వేళాకోళం ఆడుతున్నాననుకున్నాడు కాబోలు, ఫైలు మూసేశాడు. ఆర్నెల్లు ఆయన్నే తిట్టుకున్నాను. తప్పు నాదని తెలిసింది, పిల్లలకు ఇదే పాఠం చెబుతూ బోర్డు ముందు చాక్‌పీసుతో ఆగిపోయిన రోజున.

నాది ఉద్యోగంతో పోయింది. నీ దగ్గర మనుషులుంటారు. డ్యూటీ మారేటప్పుడు సీనియర్ 'హావెంట్ యు గివెన్ హిమ్ ద ఇన్సులిన్?' అంటుంది. ఇవ్వకుండా, మన అలవాటు కొద్దీ యస్ అన్నావో, ఇచ్చేశావనుకుంటుంది. ఇచ్చి కూడా 'లేదు, ఇచ్చాను' అన్నట్టు నో అన్నావో, ఇంకో డోసు పడుతుంది ఆ ముసలాయనకు. అడిగిన తీరు వదిలెయ్. పని జరిగితే యస్, జరక్కపోతే నో. అంతటితో ఆగకుండా 'నో, ఐ హావెంట్' అని పూర్తిగా చెప్పు తల్లీ.

ఇంకోటి. వాళ్లకు మన 'అండి' లేదు, దాన్ని ప్రశ్నలోనే పెట్టేస్తారు. చొక్కా చెయ్యి మడవమని చెప్పకు, 'కుడ్ యు రోల్ అప్ యువర్ స్లీవ్?' అని అడుగు. 'డు యు మైండ్', అంటే 'మీకేమన్నా అభ్యంతరమా' అని అడిగితే, సరేననేవాళ్లు నో అంటారు. పాపం, వద్దన్నారనుకుని సూది పక్కన పెట్టేసేవు!

పరీక్షలో రెండు రోల్‌ప్లేలు, నువ్వు నర్సుగా, ఎదుటివాళ్లు రోగిగానో రోగి బంధువుగానో మాట్లాడాలి, ఒక్కోటి 5 నిమిషాలు. నొప్పి ఉందా అని కాకుండా ఎలా ఉందని అడుగు, వాళ్లే చెప్పుకుపోతారు.

రోజూ రాత్రి తొమ్మిదికి ఫోన్ చేస్తా. 'హావెంట్ యు ఈటెన్?' అంటా. తినకుండా యస్ అన్నావో, మీ పెద్దమ్మకు ఇస్తా ఫోను.

మీ పెదనాన్న